నాగులకుంటలో అతి ఎత్తయిన చెట్టు

మా నాగులకుంట పురపాలక సంఘం పరిధిలో ఏ చెట్టు ఎంత ఎత్తుందో ఎవరికీ తెలియదన్న సంగతిని కమిషనర్ పరాంకుశంగారు ఆ ఏడు తొలకరికి ముందు కనిపెట్టారు. అంతకు ముందున్న కమిషనర్లు మంచినీళ్ళు, మురికికాలవలు, వీధికుక్కలు అంటూ చిల్లర విషయాలతో కాలం గడిపేశారు. పరాంకుశంగారు ఆ తరహా మనిషి కారు. రాజధానిలో ఏదో సదస్సుకు వెళ్ళారు. ఏ ఊరి చెట్లు ఎంత ఎత్తుగా ఉంటే ఆ ఊరికి అంత మంచి ర్యాంకు అని అక్కడ ఎవరో చెప్పారట. తిరిగి వచ్చిన మర్నాడే 'హరిత కవచం' పథకం మొదలైంది.

పథకంలో చిక్కేమీ లేదు. మనిషి కంటే ఎత్తు పెరిగిన ప్రతి మొక్కా చెట్టే. ప్రతి చెట్టుకూ పురపాలక సంఘం రక్షణ ఉంటుంది. దాని కొమ్మను గాని రెమ్మను గాని ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ కోయరాదు, తుంచరాదు, వంచరాదు. కోయక తప్పదనుకునేవాళ్ళు వృక్ష అనుమతుల ఉపసంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ ఉపసంఘంలో సభ్యులను నియమించే విషయం పరిశీలనలో ఉంది.

ఊళ్ళో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. వేపచెట్టును కోయకపోతే వేపచెట్టుకూ నష్టం లేదు, మనకూ నష్టం లేదు. చిక్కంతా పాత బస్‌స్టాండు వెనక గల్లీలో బాలామణి ఇంటి ద్రాక్షతీగ దగ్గర వచ్చింది.

బాలామణి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆమె గొంతు గురించి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నుంచి ఆమె 'రైట్' అంటే ముందు వెళ్తున్న బస్సు కూడా కదిలేదట. భర్త విఠల్ మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేస్తాడు. మాట తక్కువ. ఇంట్లో ఒక్కరు మాట్లాడితే చాలని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు.

వాళ్ళ పెరటి గోడకు అవతల హమీదా ఇల్లు. హమీదా మగ్గం పని చేస్తుంది. పెళ్ళికూతుళ్ళ రవికెల మీద జరీతో, పూసలతో నెమళ్ళు, లతలు కుడుతుంది. పెరట్లో మగ్గం చట్రం పరచుకుని దాని ముందు కూర్చుంటే లేవడం అన్నం వేళకే. ద్రాక్ష మొదలు బాలామణి పెరట్లో ఉంది. పందిరి మాత్రం గోడ దాటి హమీదా పెరడంతా పరచుకుంది. వేరు ఒకరిది, ఎండ ఒకరిది, పళ్ళు ఇద్దరివి. ఇలా రాసుకున్న కాగితం ఏదీ లేదు. అవసరం కలగలేదు.

నాటిన కొత్తలో ఇద్దరికీ ఏమీ తెలియదు. నీళ్ళు పోస్తే కాస్తుందనుకున్నారు. తీగ పందిరంతా అల్లుకుని ఆకు మీద ఆకు వేసింది తప్ప ఒక్క గుత్తి వెయ్యలేదు. ద్రాక్షతోట ఉన్న ఒక పాత ప్రయాణికుడు బస్సులో బాలామణికి చెప్పాడు. ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. పళ్ళు కోశాక ఎండాకాలంలో ఒకసారి, దసరా దాటాక ఇంకోసారి. దసరా కోతలో నిరుటి కొమ్మ మీద కణుపుల దగ్గర ఉబ్బి ఉండే కళ్ళు నాలుగైదు ఉంచి మిగిలింది తీసెయ్యాలి. ఆ కళ్ళలో నుంచే గుత్తులు దిగుతాయి. మొదటిసారి కోస్తుంటే కోసిన చోటల్లా నీరు కారింది. తీగ ఏడుస్తోందని హమీదా లోపలికి వెళ్ళిపోయింది. ఆ వచ్చే వేసవికి ఇద్దరూ బుట్టలు వెతుక్కోవలసి వచ్చింది.

అప్పటి నుంచి కోత ఇద్దరి పని అయింది. అందులో హమీదాకు ఇంకో లాభం ఉంది. దసరా తరవాత ఆకు పోతే పెరట్లో వెలుతురు పడుతుంది. పెళ్ళిళ్ళ పని వచ్చేది అప్పుడే. ఎండలు ముదిరేసరికి తీగ మళ్ళీ ఆకు తొడిగి నీడ పరుస్తుంది. దీపం, గొడుగు రెండూ ఒకే చెట్టు ఇచ్చినట్టు.

అలాంటి ఇంటికి వానలు మొదలయ్యే రోజుల్లో వృక్ష పర్యవేక్షకుడు దయాకర్ వచ్చాడు. చేతిలో టేపు, మెడలో ఫొటో కార్డు ఉన్నాయి. పందిరిని చూసి, "అమ్మా, ఇది చెట్టు" అన్నాడు.

"తీగ సారూ. ద్రాక్షతీగ" అంది బాలామణి.

"మా దగ్గర తీగ అనే కాలమ్ లేదమ్మా. చెట్టు ఉంది, చెట్టు కానిది ఉంది. చెట్టు కానిదాన్ని పిచ్చిమొక్కల కింద వేసి పీకించమని ఆదేశం. ఏం వెయ్యమంటారు?"

బాలామణి ఒక్క క్షణం ఆలోచించింది. "చెట్టే ఎయ్యిండ్రి సారూ."

దయాకర్ టేపు కొసను మొదట్లో విఠల్ చేతికిచ్చి కొలవడం మొదలుపెట్టాడు. మొదలు వెంట పందిరి దాకా లెక్కపెట్టాడు. అక్కడితో ఆగకుండా పందిరి మీది కొమ్మ వెంటే నడిచాడు. గోడ ఎక్కి, హమీదా పెరట్లోకి దిగి, ఆమె మగ్గం దాటి, అటు మూల వేలాడుతున్న చిగురు దాకా వెళ్ళాడు.

"ఎత్తు గదా సారూ కొలవాల్సింది? నువ్వు పొడుగు కొలుస్తున్నవ్" అని గోడ మీద నుంచి కేకేసింది బాలామణి.

దయాకర్ నొచ్చుకున్నాడు. "అమ్మా, మొదలు నుంచి చివర దాకా ఉండేదే ఎత్తు. చెట్టు నిలబడే ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు."

ఆ సాయంత్రానికి లెక్కలన్నీ ఒక చోట చేర్చి చూస్తే, బాలామణి ద్రాక్షతీగ నాగులకుంటలోనే కాదు, జిల్లాలోనే అతి ఎత్తయిన చెట్టని తేలింది. మా ఊరి నీళ్ళ ట్యాంకు కంటే ఎత్తు. సెల్ టవరుకు కొంచెం తక్కువ.

పరాంకుశంగారు దండతో స్వయంగా వచ్చారు. జిల్లాలో అతి ఎత్తయిన చెట్టు కింద నిలబడటానికి ఆయన నడుము వంచవలసి వచ్చింది. ఆ వంగిన భంగిమలోనే ప్రసంగించారు. "గగనాన్ని చుంబించే ఈ మహావృక్షం మన పట్టణ కీర్తిపతాక. దీని రక్షణకు పురపాలక యంత్రాంగం కంకణబద్ధమై ఉన్నదని ఈ సందర్భంగా సవినయంగా తెలియజేస్తున్నాను." దండను మొదలుకు వేశారు. తలుపు పక్కన 'జిల్లాలో అతి ఎత్తయిన చెట్టు' అని బోర్డు పెట్టించారు.

అంత ఎత్తున్న దేనికైనా విమానాలకు కనిపించేలా ఎర్రదీపం ఉండాలని ఇంకెవరో గుర్తుచేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి పందిరి రాటకు దీపం బిగించాడు. అది సరిగ్గా విఠల్ నుదుటి ఎత్తుకు వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నుదుటి మీద బొప్పి తగ్గలేదు. నాగులకుంట మీదుగా వెళ్ళే విమానాలకు మాత్రం ఏ హానీ జరగలేదు.

వానలు పడ్డాయి. తీగ ఎదిగింది. దయాకర్ ప్రతి వారం వచ్చి కొలిచి, ఆనందంగా తల ఊపి వెళ్ళేవాడు. దసరా దగ్గరపడుతుంటే బాలామణి కమిషనరుగారి గదికి వెళ్ళింది.

"కత్తిరించాలె సారూ. యాళ్ళ అయ్యింది" అంది.

పరాంకుశంగారు కళ్ళజోడు తీశారు. "మేడమ్, తాము కోరుతున్నదేమిటో తమకు అవగతమవుతోందా? జిల్లాలో అతి ఎత్తయిన చెట్టు ఎత్తును తగ్గించమని అడుగుతున్నారు."

"కత్తిరియ్యకపోతే కాయదు సారూ. వట్టిగ ఆకు ఏసుకుంట పోతది."

"ఫలసాయం ఈ పథకం పరిధిలోకి రాదు."

"చీకటై పోతున్నది సారూ. పక్కింటామె పని జేసుకోలేకపోతున్నది."

"వెలుతురు కూడా రాదు" అన్నారు పరాంకుశంగారు విచారంగా. "అయినా అర్జీ పెట్టుకోండి. ఉపసంఘం ఏర్పడిన వెంటనే అది ఏర్పడిన విషయం తమకు తెలియపరుస్తాం."

దసరా వెళ్ళిపోయింది. ఆగమని తీగకు చెప్పినవాళ్ళు లేరు. అది హమీదా ఇంటి కప్పెక్కింది. డిష్ గిన్నెను అల్లుకుని ఆ ఇంట్లో టీవీని మూగదాన్ని చేసింది. అక్కడి నుంచి కేబుల్ తీగ పట్టుకుని గల్లీ దాటి ఎదురుగా ఉన్న వీధి దీపం స్తంభాన్ని చుట్టుకుంది. దీపం వేడికి చిగుళ్ళు కమిలిపోతాయని పురపాలక సంఘం దీపం తీసేసింది. గల్లీకి అడ్డంగా వేలాడే కొమ్మలు ఆటోలకు తగులుతుంటే కొమ్మలను కదిలించకుండా ఆటోలను ఆపేసింది. నడిచేవాళ్ళ కోసం 'తల వంచి నడవండి, హరితాన్ని గౌరవించండి' అని రెండు చివరలా బోర్డులు కట్టింది. గల్లీలో పొట్టివాళ్ళకు ఆ కొద్ది రోజులూ మంచి మర్యాద దక్కింది.

హమీదా పెరడు మాత్రం గుహ అయిపోయింది. పగలే లైటు వేసుకుని కుట్టవలసి వచ్చేది. తడి ఆరక ఆకుల కింద బూజు పట్టింది. ఒక రోజు పెళ్ళికూతురి తల్లి వచ్చి రవికె విప్పి చూస్తే, జరీ నెమలి మెడ మీద నిజం గొంగళిపురుగు పాకుతోంది. ఆమె కెవ్వుమంది. ఆమెతో వచ్చిన ఇద్దరూ తమ బట్టలు కూడా వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం హమీదా గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, కత్తెర నీ ఇంట్లున్నది. చెయ్యి నీదే. ఎవరికి భయపడుతున్నవ్?"

"కేసు పెడ్తమంటున్నరు హమీదా. ఉపసంఘం..."

"తాగినోళ్ళను మెడ పట్టి బస్సులకెల్లి దింపినదానివి. ఇప్పుడు ఉపసంఘం అంటున్నవ్. నా కండ్లు పోతున్నయక్కా."

బాలామణి లెక్క చూసుకుంది. తన పింఛను, తన బోర్డు, తన చెట్టు. ఇవన్నీ తనవే. చీకటి మాత్రం హమీదాది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. హమీదా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తరవాత గోడ మీద నుంచి కూర గిన్నె అటూ ఇటూ నడవడం ఆగిపోయింది.

రెండు రోజులు అన్నం సయించక, మూడో రోజు బాలామణి కత్తెర తీసింది. హమీదా మగ్గం మీదికి వేలాడుతున్న ఒక్క కొమ్మ కొస కోసింది. ఆ వారమే దయాకర్ టేపు పట్టి, ఆగి, మళ్ళీ కొలిచాడు. ముఖం పాలిపోయింది.

"అమ్మా, తగ్గింది!"

"గాలికి ఇరిగింది సారూ."

మర్నాడు విచారణ జరిగింది. గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, వచ్చేముందు సూచన ఏమైనా ఇచ్చిందా, అది ఈ పట్టణ పరిధిలోని గాలేనా అని పరాంకుశంగారు అడిగారు. విఠల్‌ను సాక్షిగా పిలిచారు. ఆయన తన నుదుటి బొప్పి చూపించి, "నాకు దీపం ఒక్కటే ఎరుక సార్" అని ఊరుకున్నాడు. చివరికి గాలిని హెచ్చరించి వదిలేశారు. కోసిన కొసకు దయాకర్ పసుపు రాసి తెల్లగుడ్డతో కట్టు కట్టాడు. ఇంకోసారి గాలి ఇలా చేస్తే బాలామణి మీద కేసు పెట్టవలసి వస్తుందన్నారు.

ఈలోగా నాగులకుంట ర్యాంకు ఎగబాకి, పైన ఎవరి కంటనో పడింది. జిల్లాలో అతి ఎత్తయిన చెట్టును చూడటానికి మంత్రిగారు వస్తున్నారని కబురు వచ్చింది. పరాంకుశంగారికి కళ్ళు చెమర్చాయి.

మంత్రిగారి కంటే ముందు భద్రత చూసే పోలీసు అధికారి వచ్చాడు. గల్లీ మొదట్లో నిలబడి, కొమ్మలు, ఆకులు, చీకటి చూసి ఒకటే మాట అన్నాడు. "కారు పట్టదు. ఎల్లుండి లోపల మొత్తం తీసెయ్యాలె."

"తీసెయ్యడమా! కోత నిషిద్ధమండీ" అన్నారు పరాంకుశంగారు.

"అయితే సారు రారు."

పరాంకుశంగారు గదిలో చాలాసేపు ఒంటరిగా కూర్చున్నారు. ఒక వైపు నిబంధన, ఒక వైపు మంత్రి. ఇంతటి ధర్మసంకటం ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు. తలుపు తెరిచేసరికి ముఖంలో ప్రశాంతత ఉంది. ఉత్తర్వు ఇలా వెలువడింది: 'కోత యథాప్రకారం నిషిద్ధం. అయితే సదరు వృక్షానికి అవసరమైన మేరకు సుందరీకరణ చేయవలెను.'

మర్నాడు పొద్దున్నే సుందరీకరణకు గొడ్డళ్ళతో మనుషులు వచ్చారు. వెంట దయాకర్ వచ్చాడు. మేస్త్రీ చెట్టును కిందికీ పైకీ చూశాడు. ఇంత అల్లికను విడదీసే ఓపిక అతనికి లేదు. మొదలు మీద ఒక్క దెబ్బ వేస్తే పైన ఉన్నదంతా అదే ఎండిపోతుంది, లాగేయవచ్చు. గొడ్డలి ఎత్తాడు.

"ఆపుండ్రి!"

ఆ కేకకు మేస్త్రీ చేతిలో గొడ్డలి గాలిలో ఆగింది. గల్లీ చివర రోడ్డు మీద వెళ్తున్న బస్సు కూడా ఆగిందంటారు. డ్రైవరు ఎవరో పాతవాడై ఉండాలి.

బాలామణి వచ్చి మొదలుకు అడ్డంగా నిలబడింది. "సారూ, మీ కాయితంల ఏమున్నది? మళ్ళోపారి సదువు."

దయాకర్ చదివాడు. "అవసరమైన మేరకు..."

"ఎంత మేరకు?"

దయాకర్ కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"నీకు ఎరుక లేదు. ఆయనకు అంతకన్న ఎరుక లేదు. నేను జెప్త. గొడ్డండ్లు బయట పెట్టుండ్రి. కత్తెర్లు తెచ్చుకోండ్రి."

నిచ్చెన వేసి పైకెక్కింది. తన వైపు సంగతి కనిపిస్తోంది కాని గోడ అవతల కప్పు మీద ఏ కొమ్మ నిరుటిదో, ఏది కొత్తదో అక్కడి నుంచి తెలియదు. బాలామణి గొంతు సర్దుకుంది. బస్సులో ఇరవై ఏళ్ళు సంకోచం లేకుండా అరిచిన మనిషి గోడ అవతలికి ఒక్క పేరు పిలవడానికి తటపటాయించింది.

"హమీదా."

నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కింది.

"హమీదా! నీ దిక్కు ఎన్ని కండ్లు ఉంచాలె?"

దయాకర్ బాలామణి వంక, గోడ వంక చూశాడు. అప్పుడు తలుపు గొళ్ళెం తీసిన చప్పుడైంది.

"నాలుగు!" అంది హమీదా గొంతు. "అయిదోది ఉంచిండ్రంటే నేను ఊకోను. ఆ పెద్ద కొమ్మ జోలికి పోవద్దని జెప్పక్కా. అది అసలుది. అరె భాయ్, అది కాదు, దాని పక్కది!"

హమీదా కొంగు నడుముకు దోపుకుని తన నిచ్చెన తనే తెచ్చుకుంది. ఇద్దరూ పందిరికి చెరో వైపు నిలబడి, మనుషులను నిలబెట్టి పని చేయించారు. స్తంభానికి చుట్టుకున్నది విప్పారు. కేబుల్ తీగ మీది నుంచి, కప్పు మీది నుంచి దించారు. బూజు పట్టిన కొమ్మలు, పీలగా సాగినవి, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో తెలియనివి అన్నీ పోయాయి. మధ్యాహ్నానికి పందిరి మీద బలమైన చేతుల్లాంటి నాలుగు పాత కొమ్మలు, వాటి మీద వేలెడేసి మోడులు మిగిలాయి. హమీదా పెరట్లోకి ఎండ పడింది. ఎంతో కాలానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు ఆమె దాన్ని చూసింది. మగ్గం చట్రం తెచ్చి ఆ ఎండలో పరచుకుంది.

"చాయ్ పెట్టన్నా?" అని అడిగింది బాలామణి.

"అడుగుతరా దాన్ని?" అంది హమీదా సూదిలో జరీ ఎక్కిస్తూ.

దయాకర్ టేపు తీసి, మోడు దగ్గర పట్టుకుని, గుమ్మంలో కూలబడ్డాడు. అతనికీ చాయ్ ఇచ్చారు.

మంత్రిగారి కారు గల్లీలో హాయిగా పట్టింది. ఆయన దిగి, పందిరి కింద నిలబడి, తల పైకెత్తి ఆకాశంలోకి చూశారు.

"ఏదయ్యా చెట్టు?"

"ఇదే సార్" అన్నారు పరాంకుశంగారు.

మంత్రిగారు తల ఇంకా పైకెత్తారు.

"ఇంకొంచెం కిందికి సార్. ఇంకొంచెం. తమ తలకు తగులుతున్నదే సార్."

మంత్రిగారు మోడులను చూశారు. "జిల్లాల ఎత్తయిన చెట్టన్నరు?"

"ప్రస్తుతం విశ్రాంత స్థితిలో ఉంది సార్."

"ఎండిపోయినట్టున్నది గదనయ్యా?"

"సుందరీకరణ జరిగింది సార్."

కోసిన చోటు నుంచి ఒక నీటిబొట్టు జారి మంత్రిగారి బట్టతల మీద టప్పున పడింది. ఆయన తడిమి చూసుకున్నారు. "ఇదేంది?"

"ఆనందబాష్పాలు సార్. తమ రాకతో" అన్నారు పరాంకుశంగారు.

మంత్రిగారు ఆయనను వదిలేసి బాలామణి వైపు తిరిగారు. "అక్కా, నువ్వు జెప్పు. ఏంది కథ?"

బాలామణి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇది ద్రాక్షతీగ అనీ, కత్తిరిస్తేనే గుత్తులు దిగుతాయనీ, కత్తిరించనివ్వకపోతే ఇంతకాలం తామిద్దరూ చీకట్లో కూర్చున్నామనీ, పక్కామె పని పోయిందనీ చెప్పింది. మంత్రిగారు శ్రద్ధగా విన్నారు. ఇలా వినే మంత్రిని చూసి బాలామణికి గుండె నిండింది. ఆయన కెమెరాల వైపు తిరిగారు.

"ఇన్నరా, అక్క ఏం జెప్పిందో! కత్తిరిస్తేనే కాస్తది! ఇన్నేండ్లు మనం చెట్లను కత్తిరియ్యకుంట వాటికి ఎంత అన్యాయం జేసినమో ఆలోచించుండ్రి. ఇయ్యాల్టి సంది ఊరూరా ప్రతి చెట్టుకూ ఇట్లనే చెయ్యాలె. దీనికి నాగులకుంటనే ఆదర్శం!"

"ఇది మా కార్యాలయంలో మొదటి నుంచీ ఉన్న ఆలోచనే సార్" అన్నారు పరాంకుశంగారు, కన్ను ఆర్పకుండా.

'హరిత కవచం' ఆ వారమే 'హరిత కత్తెర' అయింది. ఎంత పొట్టి చెట్లుంటే అంత మంచి ర్యాంకు. వృక్ష అనుమతుల ఉపసంఘానికి ఉన్నట్టుండి సభ్యులు దొరికారు. చెట్టును కోయకుండా ఉంచుకోవాలంటే వాళ్ళ అనుమతి కావాలి. బాలామణి పరుగున కమిషనరుగారి గదికి వెళ్ళింది.

"సారూ, నేను జెప్పింది ద్రాక్షకు! యాపకు గాదు, కానుగకు గాదు!"

"మేడమ్, పథకంలో వేప అనే కాలమ్ లేదు" అన్నారు పరాంకుశంగారు ఓదార్పుగా. "ఈ ఉద్యమానికి తామే ప్రేరణ. తమ ఫొటో వేయిస్తున్నాం."

నాగులకుంటలో వేపలు, కానుగలు, గుల్‌మొహర్లు, రావిచెట్లు అన్నీ నాలుగేసి కళ్ళతో మోడులయ్యాయి. బళ్ళో మామిడిచెట్టు టీచరు కంటే పొట్టిదైంది. దయాకర్ తాలూకాఫీసు ముందు కొబ్బరిచెట్టు చుట్టూ మధ్యాహ్నం దాకా తిరిగి, దారిలో వెళ్తున్న బాలామణిని ఆపాడు.

"అమ్మా, దీనికి కళ్ళెక్కడున్నాయి?"

"కాయకు ఉంటయి సారూ" అని ఆమె ఆగకుండా వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చి, హమీదా పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, "నా నోరు ఊకుంటదా?" అని కంట నీరు పెట్టుకుంది.

"నువ్వు నిజమే జెప్పినవక్కా" అంది హమీదా. "ఆయన చెవిల పడి అది అట్లయింది. దానికి నువ్వేం జేస్తవ్? ఈ సూదిల దారం ఎక్కియ్యి, నా కండ్లు గుంజుతున్నయి."

తీగ మాత్రం తన పని తను చేసుకుంది. మోడుల మీద కళ్ళు ఉబ్బాయి, లేత ఎరుపు చిగుళ్ళు తొంగిచూశాయి, వాటితో పాటే ఆవగింజలంత మొగ్గల గుత్తులు దిగాయి. వెళ్ళిపోయిన పెళ్ళికూతురి తల్లి తన చెల్లెలి కూతురి రవికె పట్టుకుని మళ్ళీ వచ్చింది. ముందుగా పందిరి కిందంతా గొంగళిపురుగుల కోసం వెతికి, తరవాతే కూర్చుంది.

ఎండాకాలం వచ్చింది. నాగులకుంటలో నిలబడటానికి నీడ లేదని అప్పుడు తెలిసింది. కత్తిరిస్తేనే కాయాలన్న సంగతి వేపచెట్లు ఎరగవు, అవి దిగాలుగా రెండు మూడు ఆకులు వేసి ఊరుకున్నాయి. కొబ్బరిచెట్టు అదీ వెయ్యలేదు. పురపాలక కార్యాలయం కిటికీ ముందు వేపచెట్టు పోవడంతో కమిషనరుగారి గది పొద్దున పదింటికే పెనంలా కాలేది. ఊరంతటికీ పచ్చగా, చల్లగా ఉన్నది ఒక్క చోటే. మొదట కుక్కలు కనిపెట్టాయి. తరవాత ఆటోవాళ్ళు. ఆ తరవాత దయాకర్ టేపు లేకుండా వచ్చి, చెప్పులు బయట విడిచి కూర్చున్నాడు.

నాలుగు రోజులకు పరాంకుశంగారు వచ్చారు. "క్షేత్రస్థాయి పరిశీలన" అన్నారు. వెనక కుర్చీలు, బల్ల, ఫైళ్ళు, గుమాస్తాలు వచ్చారు. ద్రాక్షగుత్తులు వాళ్ళ తలల మధ్య వేలాడుతున్నాయి. తెల్లగా, నిండుగా, లోపలి గింజ కనిపించేంత పలచగా పండాయి. బాలామణి ఒక్కొక్క గుత్తీ కోసి బుట్టలో పెడుతోంది. మొదటి గుత్తి హమీదా మగ్గం పక్కన పెట్టింది. రెండోది విఠల్‌కు. పరాంకుశంగారు ఒక పండు నోట్లో వేసుకుని కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఏదో ప్రకటిస్తారని దయాకర్ ఎదురుచూశాడు.

"తియ్యగా ఉంది" అన్నారు ఆయన. ఉద్యోగంలో చేరిన తరవాత ఇంత చిన్న వాక్యం ఆయన నోట వినడం అదే మొదటిసారని గుమాస్తాలు చెప్పుకున్నారు.

ఆకుల మధ్య సందులో నుంచి ఎండ ఒక పలకలా హమీదా మగ్గం పక్కన పడుతోంది. పొద్దు జరిగేకొద్దీ అదీ జరుగుతోంది. హమీదా తలెత్తకుండా సూదితో చూపించింది.

"సార్, కుర్చీ అటు జరుపుండ్రి. నా వెలుతురుకు అడ్డమొస్తున్నరు."

పరాంకుశంగారు లేచి కుర్చీ జరుపుకున్నారు. కాసేపటికి మళ్ళీ చెప్పింది, మళ్ళీ జరుపుకున్నారు. ఆయన వెనక దయాకర్, దయాకర్ వెనక గుమాస్తాలు, వాళ్ళ వెనక బల్ల. సాయంత్రానికి పురపాలక సంఘమంతా గోడ వారగా ఒక్క వరసలో ఇరుక్కుని సంతకాలు పెట్టుకుంటోంది. హమీదా చట్రం మీద నెమలి తోక సగానికి పైగా పూర్తయింది.